ఎనుక బాజు కూడా చూస్తేనే పాస్

రెండు నెలలుగా మా బాపుకు దగ్గు తగ్గడం లేదు. ముప్పై ఏళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసి, ఇప్పుడు మేముండే పద్మనగర్‌లోనే ఒక కార్ఖానాలో నేసిన బట్టలో తప్పులు పట్టే పని చేస్తున్నాడు. ఊపిరితిత్తుల్లో ఏముందోనని ఇంట్లో అందరికీ గుబులే. ఈ పొద్దున ఇక్కడే సీటీ స్కాన్ తీయించాం. సెంటరు వాళ్లు ఫిల్మ్ ఇవ్వలేదు, ఫోనుకు లింకు పంపారు. దాన్ని హైదరాబాద్‌లోని డాక్టరమ్మకు పంపిస్తే, మధ్యాహ్నం వీడియో కాల్ చేసి ఆ బొమ్మలు మాకూ కనబడేలా పెట్టింది.

“భయపడాల్సిందేం లేదండీ. మందులు రాస్తాను. దుమ్ములో పనిచేసేటప్పుడు మాస్కు పెట్టుకోండి” అంది.

నేను ఊపిరి పీల్చుకున్నాను. బాపు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

“ముందు బాజు జూసిండ్రు. ఎనుక బాజు జూసిండ్రా డాక్టరమ్మా? ఉల్టా జూడకుంట మేము బట్ట పాస్ జెయ్యం.”

నాకు సిగ్గేసింది. ఆవిడ మాత్రం నవ్వకుండా బొమ్మను నెమ్మదిగా వెనక్కి తిప్పింది. బాపు కళ్లద్దాలు సర్దుకుని, అంగుళం అంగుళం చూసి, “ఇగ పాస్” అన్నాడు. ఆయన ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో!

సాయంత్రం మాస్కు కొనిచ్చాను. దాన్ని ట్యూబులైటుకు ఎత్తిపట్టి, రెండు వైపులా తిప్పి చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

“గిది నేసిందే గాదు బిడ్డా. పోగే లేనిదాంట్ల దుమ్ము ఎట్ల ఆగుతది?”

మా బాపు పాస్ చేసే మాస్కు ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే కాస్త చెప్పండి.