పంటితో తేమ చెప్పే యాదమ్మ కూతురు

మిర్యాలగూడ రైసుమిల్లుల్లో వడ్ల తేమ చూసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఆ పని చేస్తూ చేస్తూ స్పెయిన్ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టింది జమున ఒక్కతే. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు. కోదాడలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, ఇంకో ఉద్యోగం దొరికేదాకా అనుకుని మిల్లు ల్యాబులో చేరింది. ఏడేళ్లయింది. ఉండిపోయినందుకు ఆమెకు దిగులేమీ లేదు, ఒక ప్రశ్న మాత్రం నిలవనిచ్చేది కాదు. అవే వడ్లు, అదే మిషను, అయినా ఒకరోజు బియ్యం నిండు గింజలుగా రాలతాయి, మరోరోజు సగానికి సగం నూకలైపోతాయి. ఎందుకని?

జవాబు కోసం ఫోనులో వెతుకుతుంటే ఒక వ్యాసం దొరికింది. ఆరేటప్పుడు గింజలో పడే సన్నటి పగుళ్ల గురించి. రాసినామె స్పెయిన్‌లోని వాలెన్సియాలో ప్రొఫెసరు. ఆ ఊరి పక్కన కూడా కాలువ నీళ్లతో వరి పండిస్తారని చదివి జమున కుర్చీలో నిటారుగా కూచుంది. ఆ ప్రొఫెసరు పనిచేసేది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. ఆహార సాంకేతికతలో మాస్టర్స్ ఉంది, పాఠాలు ఇంగ్లీషులోనే. దరఖాస్తు గడువు ఇంకా పన్నెండు రోజులు.

ఆ సాయంత్రమే తల్లి పక్కన కూచుని ఫారం తెరిచింది. తల్లి యాదమ్మ అదే మిల్లు కల్లంలో వడ్లు ఆరబోసే మనిషి, ముప్పై ఏళ్లుగా.

"ఇంటిపేరు రెండుసార్లు అడుగుతున్నరమ్మా. ఆ దేశంలో నాయిన ఇంటిపేరు, అమ్మ ఇంటిపేరు రెండూ రాస్తరంట."

"మా అవ్వగారింటి పేరు గూడనా?" యాదమ్మ మొహం వెలిగిపోయింది. "మరి రాయి బిడ్డా, సూస్తవేంది?"

"పాస్‌పోర్టుల లేదు గద. ఉన్నదే రాయాలె. బయటి దేశపోళ్లు ఆ గడి వదిలేయొచ్చంట."

"రాస్తే మంచిగుండు," అంది యాదమ్మ, ఆ ఖాళీ గడినే చూస్తూ.

మార్కుల మెమోలు, డిగ్రీ పట్టా, పాస్‌పోర్టు అన్నీ ఎక్కించింది. ఎందుకు చదవాలనుకుంటున్నారో ఒక ఉత్తరం రాయమన్నారు. నెట్లో చూసి రెండు పేజీలు రాసి, కోదాడలో తనకు పాఠాలు చెప్పిన నగేష్ సారుకు చూపించడానికి ఆదివారం బస్సెక్కింది. ఆయన చదివి కళ్లద్దాలు తీశారు.

"చిన్నప్పటి నుంచి మీకు ఆహార సాంకేతికత అంటే ప్రాణమా అమ్మా?"

"లేదు సార్."

"మరి అబద్ధం ఎందుకు రాశారు? ఈ ఉత్తరం ఎవరిదైనా కావచ్చు. ఆ మిల్లులో మీరొక్కరే చూసింది ఏదైనా ఉంటే అది రాయండి."

తిరుగు బస్సులో హుజూర్‌నగర్ దాటేసరికి ఆమెకు తట్టింది. కిందటి పంటకాలం సరదాకు మొదలుపెట్టి నలభై రోజులు సాగించిన ఒక లెక్క. పొద్దున్నే యాదమ్మ ఒక వడ్లగింజ పంటి కింద పెట్టి కొరికి, ఆ చప్పుడును బట్టి తేమ ఎంతో చెప్పేది. జమున అదే కుప్పలోని గింజలను మిషనులో పోసి చూసేది. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకునేది. నలభైలో ముప్పయ్యారు రోజులు తల్లి మాట మిషనుతో కలిసింది. తప్పిన నాలుగూ ముసురు పట్టిన రోజులు. ఇంటికి రాగానే అదంతా ఒక్క ఊపున రాసి పంపేసింది.

మూడో వారంలో మెయిలొచ్చింది. మీ డిగ్రీ వేరు, మేం చెప్పే కోర్సు వేరు, వీడియోలో ఒకసారి మాట్లాడాలని. మిల్లు యజమాని కస్తూరి మేడం సంగతి విని తన గదే ఇచ్చేసింది. "నా ఏసీ గదిల కూసొని మాట్లాడు. గంటసేపు ఎవ్వల్నీ రానియ్య."

మధ్యాహ్నం ఒకటిన్నరకు తెరమీద ఇద్దరు కనిపించారు. అందులో ఒకామె ఆ వ్యాసం రాసిన ప్రొఫెసరే. పది నిమిషాలు ఆ నలభై రోజుల లెక్క గురించి అడిగి, ఆమె ముందుకు వంగింది.

"మీ అమ్మగారు ఇప్పుడు అక్కడున్నారా?"

ఉండకేం, తలుపు అవతలే నిలబడి ఉంది. జమున పిలిస్తే, తలకు చుట్టిన తువ్వాల విప్పి దులుపుకుంటూ లోపలికొచ్చింది. గుప్పెడు వడ్లలోంచి ఒక గింజ తీసి లాప్‌టాప్ ముందే కొరికింది. టక్కుమనలేదు, మెత్తగా నలిగింది.

"ఇంకా ఆరాలె. పదిహేను మీదనే ఉంటది," అంది.

జమున ఆ మాట ఇంగ్లీషులో చెప్పి, మిగతా వడ్లను మిషనులో పోసింది. పదిహేనున్నర శాతం. అంకెను కెమెరాకు చూపించగానే అవతలి ఇద్దరూ పక్కున నవ్వి చప్పట్లు కొట్టారు. యాదమ్మ కూడా వాళ్లతోపాటే చప్పట్లు కొట్టింది, ఎందుకో తెలియకపోయినా.

ఎంపిక జాబితా వచ్చేనాటికి జమున సూర్యాపేటలో ఉంది. మార్కుల మెమోల మీద ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉండడంతో, పాస్‌పోర్టులోని పేరూ ఆ పేరూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించుకోవడానికి వెళ్లింది. పని ముగించుకుని బస్టాండులో నిలబడి ఫోను తెరిస్తే జాబితా కనిపించింది. పేర్లన్నీ దాటుకుంటూ కిందికి పోయింది. పదిహేడో వరుసలో తన పేరు. పక్కన 'అద్మితీదా'. దరఖాస్తు పెట్టినప్పటి నుంచి ఫోనులో నేర్చుకుంటున్న స్పానిష్‌లో ఆ మాటకు అర్థం ఆమెకు తెలుసు, అయినా నాలుగుసార్లు చదివింది. మిర్యాలగూడ బస్సు కళ్లముందే వెళ్లిపోయింది. కండక్టరు పిలిచినా వినబడలేదు.

"అమ్మా, తీసుకున్నరే!" ఫోనులో అరిచింది. బస్టాండంతా తిరిగి చూసింది.

"ఎవల్ని? నిన్నేనా?"

"నన్నేనే!"

అవతల యాదమ్మ కల్లంలో అందరికీ వినిపించేలా కేకేసింది, "నా బిడ్డకు సీటొచ్చింది!" పారలు కింద పడేసిన చప్పుడు, ఆడవాళ్ల కేకలు, ఎవరో పాడిన పాట, అన్నీ కలిసి ఫోనులోకి వచ్చేశాయి.

ఆగస్టులో వీసా వచ్చింది. సెప్టెంబరు మొదటివారంలో జమున విమానమెక్కింది.