డోలక్ లేని పాట

తాల్‌బగీచాలో మా పక్కింటి సూసన్నను వీధంతా అప్ప అంటుంది. ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో తెలుగువాళ్ళు అక్కను అలాగే పిలుస్తారు. రైల్వే ఆఫీసులో గుమస్తా. క్రిస్మస్ ముందు చర్చివాళ్ళు ఇంటింటికీ పాడుతూ తిరిగేటప్పుడు డోలక్ ఎప్పుడూ ఆమెదే.

కొన్నేళ్ళ కిందట ఆమె కుడిచేతి వేళ్ళకు తిమ్మిరెక్కి వదల్లేదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. నరాల మీది పొర అక్కడక్కడ చెడే జబ్బు. ఒకనాడు చూపు మసకబారుతుంది, మరోవారం మామూలుగా గోల్‌బజార్‌లో చేపలు బేరమాడుతుంది. దూరమైతే చేతికర్ర. ఇదంతా చదువుకున్నదాన్నే అయినా మా పాప తూలినప్పుడల్లా అదే జబ్బేమోనని ఎత్తుకుని కాళ్ళు తడిమి చూస్తాను. "నడక నేర్సుకుంటంది. డాక్టరు కాడికి ఎత్తుకెళ్ళిపోకు" అని అప్ప నవ్వుతుంది.

ఈ ఏడు ఆ జబ్బు గురించి ప్రచారం చేసే సంస్థవాళ్ళు ఫోటోకి వచ్చారు. అప్ప కొత్త చీర కట్టుకుని, డోలక్ ఒళ్ళో పెట్టుకుంది. ఫోటోగ్రాఫర్ దాన్ని పక్కన పెట్టించి, వెంట తెచ్చిన చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాడు. "కిటికీ వైపు చూడండి దీదీ. నవ్వొద్దు."

ఆ పోస్టర్ చర్చి గేటుకు కూడా అంటించారు. కింద, 'ఆగిన అడుగులకు మీరే ఆసరా.'

డిసెంబరులో పాటల బృందం నడిపే గిరిబాబు వచ్చాడు.

"ఈసారి నువ్వు తిరగొద్దప్పా. మేమే నీ కాడికొచ్చి పాడతాం."

"ఏటీ? ఆదివారం నీ ముందే నడిసొచ్చినాను కదరా!"

"వచ్చినావు. ఆ పోస్టర్ సూసినాక అందరికీ భయమేస్తందప్పా."

"కుర్సీలో కూసోబెట్టి ఫోటో తీత్తే కాళ్ళు పోతాయేటి? మన వీధి వరకే వత్తాను. అలిసిపోతే సెప్తాను."

"సూద్దాంలే" అన్నాడు.

వాళ్ళు వచ్చిన సాయంత్రం అప్ప శాలువా కప్పుకుని, బూట్లు వేసుకుని, కర్రతో గుమ్మంలోనే ఉంది. గిరిబాబు మెడలో డోలక్ ఉంది. పాడింది మాత్రం జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళలో పాడే నెమ్మది పాట. దానికి డోలక్ కొట్టరు. ప్రార్థన చేసి, కేకు తిని, "సలిలో తిరక్కప్పా" అంటూ వెళ్ళిపోయారు.

రెండిళ్ళ అవతల డోలక్ మోగింది. గేటు మీద అప్ప ఎడమచెయ్యి ఆ దరువు అందుకుంది.

"దరువు పరిగెత్తిస్తన్నాడు ఎదవ" అంది. మా పాపకు వేలు అందించింది. "మూల దాకా ఎల్దామేటే?"

ఇద్దరూ ఒకేలా, ఆగి ఆగి నడిచారు. నేను వెనకే ఉన్నాను. మూలకు చేరేసరికి పాట పక్కవీధిలోకి మళ్ళింది. అప్ప కర్ర మీద ఒరిగి, అది వినబడినంతసేపూ అటే చూస్తూ నిలబడింది.