ధాత్రి కొట్టిన ఒకే ఒక్క గోల్

మా దోహా తెలుగు సంఘం వాళ్ళకి శాలువాల పిచ్చి. ఏటా వార్షికోత్సవానికి డజను శాలువాలు తెప్పిస్తారు, ఆ తర్వాత వాటికి భుజాల కోసం వెతుకుతారు. చుట్టపుచూపుగా వచ్చిన బావమరిదికి కూడా సన్మానం చేసి పంపిన ఘనులు. ఆరేళ్ళుగా శాలువా మడతపెట్టి పళ్ళెంలో అందించే పని నాదే కాబట్టి, ఏది ఎవరి మీద ఎందుకు పడిందో నన్నడగండి చెబుతాను.

ఈ ఏడాది వాళ్ళకి దొరికిన భుజం ధాత్రిది.

ధాత్రి అల్ అజీజియాలో మా పక్క ఫ్లాట్ అమ్మాయి. పుట్టింది నంద్యాల. మన దేశంలో మహిళల లీగ్‌లో మూడు క్లబ్బులకి, ఏడేళ్ళపాటు, జీతానికి ఫుట్‌బాల్ ఆడింది. డిఫెండర్. అంటే గోల్ కొట్టే మనిషి కాదు, ఎదుటివాళ్ళని కొట్టనివ్వని మనిషి. నూట నలభై రెండు మ్యాచ్‌లు, ఒకసారి విరిగిన ముక్కు, రెండుసార్లు కోసి కుట్టిన మోకాలు. పెళ్ళయి నితీష్‌తో ఇక్కడికి వచ్చాక కూడా ఊరికే కూర్చోలేదు. పద్నాలుగు మంది తెలుగు ఆడపిల్లల్ని పోగేసి మా బిల్డింగ్ వెనక పార్కింగ్‌లో ఆట నేర్పుతోంది. మా అమ్మాయి అమ్ము అందులో గోల్‌కీపరు. బంతి ఎవరి కారుకి తగిలినా వాచ్‌మన్ అర్ఫాత్ "యల్లా, యల్లా" అంటూ అందరినీ తరిమేస్తాడు.

ధాత్రికి కావలసింది ఒక్కటే, మైదానం. అల్ తుమామా మైదానంలో శనివారం పొద్దున ఒక గంట మా సంఘం పేరు మీద ఉంది. ఆ గంటలో ఎనిమిది మంది పెద్దమనుషులు క్రికెట్ అని వెళ్ళి, రెండు ఓవర్లకే ఆయాసపడి, ఇడ్లీలు తిని తిరిగొస్తారు. ఆ గంట పిల్లలకి ఇప్పించమని ధాత్రి మా అధ్యక్షుడు కామేశ్వరరావుని అడిగింది.

"ఎందుకివ్వమమ్మా! ముందు నీకు సన్మానం, స్టేజీ మీదే ప్రకటించేస్తాను," అన్నాడాయన. "ఇంతకీ ఎన్ని గోల్స్ కొట్టావు?"

"నా పని గోల్స్ ఆపడం అంకుల్."

"అదేలే. ఎన్ని?"

పేరుకి పెద్ద ఇంజనీరు. చెప్పింది చెవికెక్కదు. ధాత్రి నవ్వి ఊరుకుంది, గంట కావాలి కదా.

వార్షికోత్సవం రోజు పద్నాలుగు మంది పిల్లలూ జెర్సీలు వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. "మన ధాత్రి కొట్టిన అద్భుతమైన గోల్, ఇప్పుడు తెర మీద!" అని కామేశ్వరరావు ప్రకటించాడు. ఇంటర్నెట్‌లో తనే వెతికి పట్టాడట, ఆ గొప్ప కూడా చెప్పుకున్నాడు.

తెర మీద బంతి పక్కనుంచి గాల్లో లేచి వచ్చింది. పసుపు చొక్కాలో ధాత్రి ఎగిరి తలతో కొట్టింది. బంతి వలలో పడింది. నీలం చొక్కాల వాళ్ళు గంతులేశారు. ధాత్రి గడ్డిలో కూలబడి చొక్కా మొహమ్మీదికి లాక్కుంది.

"ఆనందబాష్పాలు!" అని అరిచాడు కామేశ్వరరావు మైకులో. హాలు దద్దరిల్లేలా చప్పట్లు.

ఆ గోల్ సంగతి ధాత్రి నాకు ఒకే ఒక్కసారి చెప్పింది. అది సొంత జట్టు వలలోకే వేసుకున్న గోల్. దాంతో జట్టు ఓడింది, క్లబ్బు ఆమెని వదిలేసింది, మళ్ళీ ఎవరూ పిలవలేదు. రెండొందల మంది చదువుకున్నవాళ్ళు చూశారే, ఒక్కరికీ చొక్కాల రంగు కనబడలేదు. థూ, ఏం చదువులవి!

"సార్, అది గోల్ కొట్టడం కాదు సార్," అని వెనకనుంచి ఒక గొంతు. భోజనాల పాత్రలు దించడానికి వచ్చిన ఓబులేసు. అనంతపురం వైపు మనిషి, ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి పిల్లల్ని రోజూ మైదానంలో దించి, వాళ్ళ ఫుట్‌బాల్ ఆట చూస్తూ కూర్చుంటాడు. "ఆ పాపది పసుపు చొక్కా. ఎగిరేదంతా నీలం చొక్కాలోళ్ళు. గోల్ కొట్టినోళ్ళు యాడన్నా ఏడుస్తారా సార్?"

"ఏవయ్యా, నువ్వెళ్ళి పులిహోర సంగతి చూడు," అన్నాడు కామేశ్వరరావు. నలుగురు నవ్వారు. "ఇంద్రజా, పళ్ళెం!" అని నన్ను పిలిచి, ధాత్రి చేతికి మైకిచ్చాడు.

నేనేం చేశానో కూడా చెప్పాలి. దగ్గరికెళ్ళి, "ఊరుకోవే, గంట పోతుంది," అని ఆమె చెవిలో గొణిగాను. ఆ పెద్దమనుషులకి నేనేం తీసిపోలేదు.

ధాత్రి నావైపు చూడలేదు, ముందు వరసలో పిల్లల వైపు చూసింది. "ఆ అన్న చెప్పిందే నిజం. ఏడేళ్ళలో నా పేరు మీదున్న గోల్ ఇదొక్కటే, ఇది మా జట్టు మీదే వేశాను. నా పిల్లలు దీనికి చప్పట్లు కొట్టకూడదు."

"ఎంత వినయం! ఆహా, ఎంత వినయం!" అంటూ కామేశ్వరరావు ఆమె మీద శాలువా కప్పేశాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. స్టేజీ దిగాక మాత్రం పళ్ళు కొరుకుతూ, "ముఖ్య అతిథి ముందు నా పరువు తీశావు. గ్రౌండ్ సంగతి కమిటీలో చూద్దాంలే," అన్నాడు. ఆ కమిటీ ఇంతవరకూ కూర్చోలేదు. ఇడ్లీలు మాత్రం వారం వారం జరుగుతున్నాయి.

తర్వాతి శనివారం పార్కింగ్‌లోనే ఆట. ఓబులేసు అడ్రసు కనుక్కుని వచ్చి, కాసేపు గోడవార నిలబడి చూశాడు.

"పాపా, ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. ఆ పొద్దు మీ కీపరు 'నాది' అని అరిసిందా?"

బంతి తీయబోతున్న ధాత్రి అలాగే ఆగిపోయింది. "లేదన్నా."

"అనుకుంటి. కీపరు అరిస్తే డిఫెండరు తప్పుకుంటాది. ఆ పిల్ల అరిసింటే నువ్వు తల పెట్టేదానివే కాదు. తప్పంతా నీ ఒక్కదాని మీద ఎట్లేస్తారు?"

కోచ్ అడగలేదు. పేపర్ల వాళ్ళు అడగలేదు. కన్నతండ్రి కూడా "అలా ఎలా వేశావే?" అన్నాడు గానీ ఈ మాట అడగలేదు. ధాత్రి అక్కడే నేల మీద కూర్చుని, తెర మీద చూపించినట్టే చొక్కా మొహమ్మీదికి లాక్కుంది. పిల్లలు బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు.

కాసేపటికి లేచి, ముక్కు తుడుచుకుని, మా అమ్ముని పిలిచింది. "బంతి నీదైతే అరిచెయ్. మొహమాటం వద్దు. కిటికీలు తెరుచుకోవాలి."

బంతి గాల్లోకి లేపింది. "నాది!" అని అమ్ము గొంతు చించుకుని అరిచింది. మూడంతస్తుల్లో కిటికీలు తెరుచుకున్నాయి. అర్ఫాత్ పరిగెత్తుకొచ్చాడు. అమ్ము బంతి వదల్లేదు.