నాలుక కింది సంగతి

అరవై ఆరేళ్లు నాలుకను వాడుకున్నాను గాని దాన్ని ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు. మొన్న వేడి చాయ్‌కి కాలితే అద్దం ముందు నిలబడి, దాన్ని బయటికి లాగి, సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. బాగా లోపల, గొంతు దగ్గర, లావుపాటి బుడిపెలు. పది దాకా ఉన్నాయి, బాణం మొనలాగా రెండు వరసల్లో. ఇది క్యాన్సరే అనుకున్నాను.

అలా అనుకోవడానికి కారణం ఉంది. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో పనిచేశాను. దిగేముందు జేబులు వెతుకుతారు. బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోవు, పోతే బాయే పేలుతుంది. అందుకని మేము తంబాకు, సున్నం అరచేతిలో నలిపి నాలుక కింద పెట్టుకునేవాళ్లం. రిటైరైన రోజు మా ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇక ముట్టనని ఒట్టేశాను. ఆ ఒట్టు వారం నిలిచింది. తరువాత ఆరేళ్లుగా సోంపు నములుతూ ఆమె ముక్కును మోసం చేస్తున్నాను. బాగా చేస్తున్నానని గర్వం కూడా ఉండేది.

బుడిపెల సంగతి మాత్రమే ఆమెకు చెప్పాను. వెంటనే మణుగూరులో భద్రాచలం బస్సు ఎక్కించింది.

"నన్ను తిట్టిన తిట్లన్నీ గట్ల మొలిచినయేమో, చూపిద్దాం పా" అంది. దారంతా అదే పాట.

డాక్టరమ్మ మా చిన్న కూతురి ఈడుది. చెక్కపుల్లతో నాలుక నొక్కి చూసి నవ్వింది.

"పెద్దాయనా, ఇది రోగం కాదు. ఇవి రుచి తెలిసే బుడిపెలు. అందరికి ఉంటయి."

"నాకు గిట్ల ఉంటయా?" అని మా ఆవిడ తన నాలుక చాపింది.

"మీకింకా దండిగున్నయి అమ్మా."

"అందుకే కూరల ఉప్పు నాకు తెలుస్తది, గీయనకు తెల్వది" అని ఆమె మురిసిపోయింది. నేను లేచి చొక్కా సర్దుకున్నాను.

"ఒక్కసారి నాలుక పైకి ఎత్తుండ్రి" అంది డాక్టరమ్మ.

"కింద ఏం లేదమ్మా. బస్సుకు టైమైతుంది."

"ఎత్తయ్యా" అంది మా ఆవిడ.

ఎత్తాను. నాలుకను కిందికి పట్టి ఉంచే సన్నని పొర, దానికి రెండు పక్కల నీలం నరాలు అందరికీ ఉండేవే. ఎడమ పక్క తెల్లమచ్చ మాత్రం అందరికీ ఉండదు. దాని మీద పొద్దున పెట్టిన తంబాకు ఇంకా అంటుకునే ఉందట. డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. తంబాకు పూర్తిగా మానెయ్యమంది. పదిహేను రోజులకు మళ్లీ రమ్మంది. మచ్చ పోకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాలంది.

తిరుగు బస్సులో అశ్వాపురం దాటేదాకా మా ఆవిడ ఒక్క మాట అనలేదు. నలభై ఏళ్ల కాపురంలో ఆమె నాలుక అంతసేపు ఊరుకోవడం నేను ఎరగను. నాకు భయమేసింది, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. చివరికి కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది.

"పైనున్నయి చూపిస్తివి. కిందున్నది దాస్తివి."

ఇవాళ్టికి పదకొండు రోజులు. తంబాకు ముట్టలేదు. ఈసారి నేను ఒట్టు వెయ్యలేదు, ఆమె అడగనూ లేదు. రోజూ పొద్దున వాకిట్లో నిలబెట్టి నాలుక ఎత్తమంటుంది. వంగి చూసి "అవ్, తగ్గింది" అంటుంది. ఇవాళ కూడా చూసి, "మస్తు తగ్గింది" అని చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. నేను వెనకాలే వెళ్లాను. ఆమె కళ్లద్దాలు బియ్యం డబ్బా మీద ఉన్నాయి. అవి లేకుండా ఆమెకు బియ్యంలో రాయి కూడా కనపడదు.