బాపు తెచ్చిన ఫారం

మొదటిసారి లా ఎంట్రన్స్ నిజంగానే తప్పాను. రెండోసారి తప్పానని బాపుతో అబద్ధం చెప్పాను. పాసై కూడా ఫెయిలయ్యానని చెప్పుకున్న మనిషి మా కాలనీలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నాన్నను బాపు అనే పిలిచేదాన్ని. ఆయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మాది కంపెనీ క్వార్టర్. నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా నన్ను కన్న అవ్వకు పక్షవాతం వచ్చింది. బాపు షిఫ్టుకు పోతే ఆమెను లేపి కూర్చోబెట్టడానికి ఇంట్లో ఇంకో మనిషి లేదు. కాలేజీ మానేశాను, పరీక్షలు రాయలేదు. ఏడాదిన్నర తర్వాత అవ్వ పోయింది. మళ్ళీ ఇంటర్‌లో చిన్నపిల్లల పక్కన కూర్చోవాలంటే నాకు సిగ్గేసింది.

మా క్వార్టర్లలో అందరికీ తెలిసిన దారి ఒకటుండేది. ఇంటర్ లేకున్నా ఒక అర్హత పరీక్ష రాస్తే ఇంటి దగ్గరే ఉండి దూరవిద్యలో డిగ్రీ చదువుకోవచ్చు. ప్రమోషన్ల కోసం బాయిలో చాలామంది అలాగే చదివారు. షిఫ్టులో ఎవరో చెబితే బాపు ఒకరోజు మస్టర్ జీతం వదులుకొని మంచిర్యాల పోయి, వరుసలో నిలబడి నాకోసం ఫారం తెచ్చాడు. మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి తెచ్చాడు.

"రెండేండ్లు కలిసొచ్చినయ్ బిడ్డా. ఇంటర్ గింటర్ ఏం లేదు, సీదా డిగ్రీనే," అన్నాడు. అవ్వ పోయాక ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి.

డిగ్రీ అయ్యాక ఆసిఫాబాద్‌లో ఒక వకీలు దగ్గర టైపింగ్ పనికి కుదిరాను. నాలుగేళ్ళు పిటిషన్లు కొట్టాను. సారు సగం చెప్పేలోపే మిగతా సగం నా వేళ్ళకు వచ్చేసేది. కోర్టు హాల్లో మాత్రం ఫైలు అందించి బయటికి వచ్చేయాలి. నేను కొట్టిచ్చిన కాగితాన్ని చూసి కూడా సరిగ్గా చదవలేని వాళ్ళు నల్లకోటు వేసుకొని ముందు నిలబడితే నాకు కడుపు మండేది. నాకు ఆ కోటు కావాలి. పెళ్ళితో సహా ఇంకే కోరికా లేదు.

మొదటి ఎంట్రన్స్ పోయాక కసిగా చదివాను. రెండోసారి ర్యాంకు వచ్చింది. సీటు కాగితం చేతికొచ్చాకే బాపుకు చూపిద్దామని, కొండగట్టు పోయొస్తానని చెప్పి, సర్టిఫికెట్లు పట్టుకొని కౌన్సెలింగ్‌కు కరీంనగర్ బస్సెక్కాను.

కౌంటర్ వెనక ఉన్నామె నా కాగితాలు రెండుసార్లు తిరగేసింది.

"ఇంటర్ మెమో ఏదమ్మా?"

"ఇంటర్ లేదు మేడం. సీదా డిగ్రీ."

"గట్లయితె లాకు రాదు. పది, ఇంటర్, డిగ్రీ వరుసగ ఉండాలె. గీ డిగ్రీ కొలువుకు పనికొస్తదేమో గని లాకు చెల్లది."

"మరి ఎంట్రన్స్ ఎట్ల రాయనిచ్చిన్రు?"

"రాస్తె ఎవలొద్దన్నరు? చేరేటప్పుడే గద చూసేది," అని, నా వెనక ఉన్నవాళ్ళకు దారివ్వమంది.

నాకు ఆమె మీద కోపం రాలేదు, నా మీద వచ్చింది. నాలుగేళ్ళు ఊరందరి చట్టాలూ టైపు కొట్టినదాన్ని, నాకు పనికొచ్చే ఒక్క రూలు చదువుకోలేదు. తిరుగు ప్రయాణంలో కొండగట్టు దగ్గర దిగాను. అబద్ధానికి ప్రసాదమైనా తోడుండాలి కదా. గుట్ట ఎక్కి, ప్రసాదం కొనుక్కొని, స్వామి ముఖం చూడకుండానే దిగొచ్చాను.

"ఫోన్ల రిజల్టు చూసిన. మల్ల ఫెయిలైన బాపూ," అన్నాను. నిజం ఎలా చెప్పేది? నువ్వు ఒక రోజు పని వదులుకొని తెచ్చిన ఫారమే నా దారి మూసిందనా?

బాపు ప్రసాదం కళ్ళకద్దుకున్నాడు. "ఫికర్ చెయ్యకు. గిదొక్కటే తొవ్వనా?" అన్నాడు.

అక్కడి నుంచి మొదలైంది నా శిక్ష. బాపు అప్పటికే రిటైరయ్యాడు. పొద్దున్నే ఇస్త్రీ అంగీ తొడుక్కొని నాకోసం తొవ్వలు వెతకడానికి బయల్దేరేవాడు. హుస్నాబాద్‌లో దూరపు చుట్టానికి మేనేజ్‌మెంట్ సీట్ల సంగతి తెలుసంటే అక్కడికి పోయాడు. మిగిలిన సీట్లు చివర్లో ఇస్తారట అని ఎవరో అంటే ఆదిలాబాద్ పోయాడు. దగ్గుకుంటూ బస్సులెక్కేవాడు, దగ్గుకుంటూ దిగేవాడు. ఆయన ఏ దారి చెప్పినా నేనొక వంక పెట్టేదాన్ని. ఎక్కడికి పోయినా అడిగేది ఆ మెమోనే అని నాకు తెలుసు.

"నీకే మనసు లేదు. నేను ఉత్తగ పరేషాన్ అయితున్న," అని ఒకరోజు కసిరాడు. తలొంచుకొని ఆ మాట పడ్డాను.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం తడిసి ముద్దయి వచ్చాడు. మహారాష్ట్ర పోయొచ్చాడట. అంగీ లోపలి నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో రెండు అట్టలు, వాటి మధ్య ఒక ఫారం.

"గాడ ఎంట్రన్సే లేదట. కాగితాలు పెడితె సీటట. ఇప్పుడేం వంక పెడ్తవో పెట్టు," అన్నాడు.

నేను చేయి చాపేలోపే కళ్ళజోడు పెట్టుకొని, జతచేయాల్సిన కాగితాల జాబితా మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవసాగాడు. "పదో తరగతి మెమో. ఉన్నది. ఇంటర్ మెమో..." వేలు అక్కడే ఆగింది.

"గిది మనకు లేదు గద బిడ్డా?"

"లేదు బాపూ."

"లేకుంటె తీస్కోరా?"

నేను ఆయన చేతిలోని ఫారం తీసుకొని మళ్ళీ అట్టల మధ్య పెట్టాను. బాపు నా ముఖంలోకి చూశాడు.

"నువ్వు ఫెయిల్ గాలే," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కాలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"గప్పుడు గా ఫారం తెచ్చింది నేనే గద. నా వల్లనేనా?"

కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. సారు చెబుతుంటే ఎన్నెన్ని అబద్ధాలు తడుముకోకుండా టైపు కొట్టానో. ఆ ఒక్కటి అనడానికి మాత్రం నాకు నోరు పెగల్లేదు.