గుమ్మం పక్క ఆంజనేయుడు

ఈదమ్మ రాళ్లకు లాల పోస్తుందని గడిలో అందరూ నవ్వుతారు. వనపర్తి దగ్గర మరమ్మతు జరుగుతున్న ఆ పాత దొరల గడిలో, గోడలకూ బొమ్మలకూ పేరుకున్న సున్నాన్ని ఆమె చింతపండు పులుసుతో నానబెడుతుంది. నూనె రంగు పట్టిన చోట వేడి బూడిదనీళ్లు పోసి, పసిబిడ్డ వీపు రుద్దినంత మెల్లగా కొబ్బరి పీచుతో రుద్దుతుంది. ఇనుప పనిముట్టును దగ్గరికి రానివ్వదు.

ఆ రోజు గుమ్మం పక్కన సిందూరం మందంగా పట్టిన ఆంజనేయుడి రాతిబొమ్మ వంతు వచ్చింది. వీపనగండ్లలో నిండు నెలలతో ఉన్న కూతురు సుఖంగా ప్రసవించాలని ఆమె మొక్కుకున్నది ఆ స్వామికే. స్వామికీ స్నానమే కదా అని మొదలుపెట్టింది. సిందూరం కరిగేకొద్దీ, గద అనుకున్నది చిన్న పుల్లయింది. తోక అనుకున్నది డోలు పట్టీ అయింది. పొట్ట ముందుకు తోసి, డోలు వాయించేవాడొకడు నవ్వుతూ బయటపడ్డాడు.

"ఏందక్కా, డోలు కొట్టెటోనికి మొక్కినవా?" అని మేస్త్రీ అనంతయ్య పడీపడీ నవ్వాడు. ఈదమ్మ బిత్తరపోయి పీచు కింద పెట్టింది. తన మొక్కు ఎవరికి చేరిందో ఆమెకు తోచలేదు.

మధ్యాహ్నం అల్లుడు ఉరుకుతూ వచ్చాడు. "అత్తా, ఆడపిల్ల! ఇద్దరు మంచిగున్నరు."

ఈదమ్మ కొబ్బరికాయ తెచ్చి డోలువాడి ముందే కొట్టింది.

"ఇంకా గాయనకేనా మొక్కేది?" అన్నాడు అనంతయ్య.

"చెవుల నిండ సిందూరమున్నా నా మొక్కు ఇన్నడు గద తమ్మీ," అంటూ ఈదమ్మ కొంగు తడిపి ఆ చెవులు తుడిచింది.