ఫిల్టరాయన ఇంట్లో డెమో

వీధిలో అతణ్ణి ఫిల్టరాయన అంటారు. ఇంటింటికీ తిరిగి నీళ్ళ ఫిల్టర్లు అమ్ముతాడని పేరు. నిజానికి అతను అమ్మేది అనుమానం. మిషను దాని వెనకాలే నడిచొస్తుంది. వంటగది గట్టుమీద రెండు గ్లాసులు పెడతాడు. ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో తన సీసాలోని ఫిల్టరు నీళ్ళు. రెండింట్లోనూ ఇనప ఊచలు దించి ప్లగ్గు పెడతాడు. చూస్తుండగానే కుళాయి నీళ్ళు బురదరంగుకి తిరుగుతాయి. రెండో గ్లాసు చెక్కుచెదరదు. "ఇన్నాళ్ళూ పిల్లలచేత తాగించింది ఇదేనమ్మా," అని ఊరుకుంటాడు. మిగతా పని ఇంటావిడ భయం చూసుకుంటుంది.

దేవుడి గొడవ అతనికి పట్టదు. అత్తగారు మాత్రం గుక్కెడు నీళ్ళు తాగాలన్నా ముందు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునే మనిషి.

"మీరు కళ్ళు మూసుకుంటే క్రిములు చస్తాయా అత్తయ్యా?"

"మీ మిషను రాకముందు పుట్టినదాన్ని బాబూ. చావలేదుగా!"

ఈ ఎకసెక్కాలు మామూలే. ఎవరికీ గుచ్చుకునేవి కావు.

ఓ సెలవురోజు కూతురు అతని వెంట డెమోకి వెళ్ళింది. అప్పట్నించీ అమ్మమ్మ ఇంట్లో నీళ్ళు ముట్టనంది. ఆ నీళ్ళతో వండిన అన్నమూ వద్దంది. చివరికి ఆ ఇంటికే రానంది. "దణ్ణం పెడితే నీళ్ళు బాగుపడవు అమ్మమ్మా. నాన్న చూపించాడు," అనేసింది మొహమ్మీదే.

అత్తగారు ఫోన్ చేసింది. "ఆ మిషనేదో మాకూ బిగించు బాబూ. పిల్ల మా గడప తొక్కడం మానేసింది."

"మా అమ్మకి కూడా అంటగడతారా?" అంది భార్య.

"ఆవిడే అడిగిందిగా."

"అడిగింది మిషన్ని కాదండీ, మనవరాల్ని."

సంచీ తగిలించుకుని, కూతుర్ని బతిమాలి వెంటబెట్టుకుని వెళ్ళాడు. అలవాటుగా గ్లాసులు పెట్టాడు, ఊచలు దించాడు. నీళ్ళు రంగు మారాయి.

"ఈ మురికా నా చేత్తో దీనికి పట్టాను?" అంది అత్తగారు. నమ్మడం అలవాటైన మనిషి, ఇదీ నమ్మేసింది. ఇలాంటి మొహం వేరే వంటగదుల్లో కనిపిస్తే బేరం కుదిరిందనుకునేవాడు. ఇక్కడ చూడలేకపోయాడు.

"ఉప్పు డబ్బా ఏదత్తయ్యా?"

ఫిల్టరు నీళ్ళలో కాస్త ఉప్పు వేసి ఊచలు దించాడు. అవీ బురదయ్యాయి.

"ఆ రంగు ఊచ తుప్పుది. కుళాయి నీళ్ళలో ఎంతోకొంత ఉప్పు ఎప్పుడూ ఉంటుంది. ఉప్పు ఉంటే నీళ్ళలో కరెంటు పారుతుంది, ఊచ కరుగుతుంది. ఫిల్టరు నీళ్ళలో పారదు, అంతే. నీళ్ళు మంచివో చెడ్డవో ఈ డెమో చెప్పదు."

"ఓరి నీ అసాధ్యం కూలా! ఇంతమందిని బురిడీ కొట్టించావా!" అని అత్తగారు పడీపడీ నవ్వింది.

కూతురు నవ్వలేదు. "మరి ఆ ఆంటీవాళ్ళ ఇంట్లో ఉప్పు వెయ్యలేదేం నాన్నా?"

"అది... ఉద్యోగం కదమ్మా."

నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందంటారు. అతనికి అలాంటిదేమీ జరగలేదు. కూతురు కుళాయి దగ్గరికెళ్ళి శుభ్రమైన గ్లాసు నింపుకొచ్చింది.

"తాగొచ్చా?"

"తాగొచ్చు," అన్నాడు.

"నిన్ను కాదు. అమ్మమ్మా, తాగొచ్చా?"

"తాగు తల్లీ."

గడగడా తాగేసింది. అతను ఊచలు తుడిచి సంచీలో పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే పక్క వీధిలో డెమో ఉంది.